అయిదు వందల వరహాలు

మా కూతురి కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో కూర్చుని ఏదో ఆట ఆడతాడని తెలుసుగాని, అదెలాంటి ఆటో పోయిన వేసవి వరకూ నేను చూడలేదు. సెలవులు కలిసొచ్చి అయిదుగురూ హోసూరులో మా ఇంటికి వచ్చి రెండు రోజులున్నారు. నడవలో చాప పరిచి, మధ్యలో కాగితాలు, పెన్సిళ్ళు, గోలీల్లా మెరిసే పాచికలు పోసుకున్నారు. నాలుగు ముఖాల పాచిక మొదలుకొని ఇరవై ముఖాల పాచిక దాకా ఉన్నాయి.

పటం లేదు, కాయలు లేవు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. పాత్రకు ఎంత బలం, ఎంత తెలివి, ఏమేం విద్యలు వచ్చు అన్నది కాగితం మీద అంకెల్లో ఉంటుంది. "గోడ దూకుతాను" అని ఒకరంటే, దూకగలడా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఎంత పడితే దూకినట్టన్నది పుస్తకంలో ఉంటుంది. బుర్రకథలో వంతపాటగాళ్ళు మధ్యలో అడ్డుపడి "లేదు, మా రాజు అట్లా చేయడు" అని కథకుడి చేతిలోంచి కథ లాక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఈ ఆట.

మావాడే కథకుడు. ఆ రోజు వాడు నడిపింది మా అవ్వ చెప్పిన కథ. వాడికి ఆరేళ్ళప్పుడు, కరెంటు పోయిన రాత్రుళ్ళలో నేను చెప్పిన కథే. చెరువు కట్ట తెగబోతుంది. గ్రామదేవత పలికి ఫలానా ఇంటి కోడల్ని ఇస్తేగాని నిలవనంటుంది. కోడలు తలంటుకుని, కొత్త చీర కట్టి, గండిలోకి దిగుతుంది. సరిహద్దున పుట్టినవాళ్ళం కనుక మాకు ఈ కథ రెండు వైపుల నుంచీ వచ్చింది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకు బలైన ముసలమ్మది తెలుగు కథ. కట్టమంచి రామలింగారెడ్డి కాలేజీలో చదివే రోజుల్లోనే దాన్ని కావ్యం చేశారు. కన్నడంలో 'కెరెగె హార' ఉంది. అందులో చెరువు తవ్వినా నీళ్ళు పడవు. చిన్న కోడలు భాగీరథి దిగితే పడతాయి. దండులోంచి తిరిగొచ్చిన మొగుడు సంగతి తెలిసి అదే చెరువులో దూకుతాడు. మా అవ్వ రెండూ కలిపేసి చెప్పేది. ఏది ఎక్కడిదో నాకు చాలాకాలం తెలియదు.

మనవడు ఈ కథ చుట్టూ ఒక లోకమే కట్టాడు. వానకు మొహం వాచిన ఎర్రనేల, గొలుసుకట్టు చెరువులు, పాళెగాళ్ళు, పూనకంలో పలికే అమ్మవారు. నలభై పేజీలు ఇంగ్లీషులో రాసుకున్నాడు. వాడికి తెలుగు మాట్లాడడం వచ్చుగాని చదవడం రాదు. ఆ నలభై పేజీలు రాస్తున్నప్పుడు ఫోను చేసి, "తాతా, చెరువులో నీళ్ళు బయటికి వదిలేదాన్ని ఏమంటారు? నిండితే పొర్లిపోయే చోటును? నీళ్ళు పంచేవాణ్ణి?" అని అడిగాడు. తూము, మరవ, నీరుగంటి అని చెప్పాను. వాడు నన్ను తెలుగు మాట అడగడం అదే మొదలు.

ఆట సాయంత్రానికి కట్ట దగ్గరికొచ్చింది. కోడలి పాత్ర ఒక బళ్ళారి అమ్మాయిది. వాళ్ళదీ తెలుగిల్లే. మావాడు పూనకం గొంతుతో అమ్మవారి మాట చెప్పాడు. ఆ పిల్ల కాసేపు పాచికల కేసి చూసి, "దిగుతాను" అంది. మొదటి మెట్టు, రెండో మెట్టు అని వాడు చెబుతుంటే నడవలో చప్పుడు లేదు. వంటింటి గడపలో మా ఆవిడ చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి, మునిగిపోయింది, కట్ట నిలిచింది.

అప్పుడు పూజారి పాత్ర వేసిన కుర్రాడు పుస్తకం తిరగేశాడు. "శవం దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాడు మావాడు. "చచ్చి పదిరోజులు కాలేదు కదా? మన దగ్గర పోయినవారం గుహలో దొరికిన వజ్రాలు రెండున్నాయి. ఒకటి చాలు." ఆ ఆట సూత్రాల ప్రకారం తగినంత పైకొచ్చిన పూజారి, పది రోజుల్లోపు చచ్చిన మనిషిని, అయిదు వందల బంగారు నాణేల విలువ చేసే వజ్రం ఖర్చుపెట్టి బ్రతికించవచ్చు. మావాడి లోకంలో బంగారు నాణేన్ని వరహా అంటారు. వాడు చివరికి ఒక ఎత్తు వేశాడు. తిరిగి రావడానికి చచ్చినవాళ్ళ ఆత్మ ఒప్పుకోవాలని కూడా పుస్తకంలో ఉంది. ఇప్పుడెలా అన్నాడు. పూజారి కుర్రాడు, "అయితే ఆమెనే అడుగు" అన్నాడు. అందరూ బళ్ళారి పిల్ల వైపు తిరిగారు. "వస్తాను, రాకేం?" అందా పిల్ల. అందరూ పకపకా నవ్వారు. ఊరూ నిలిచింది, కోడలూ లేచొచ్చింది, అయిదు వందల వరహాలు తగ్గాయి, అన్నాలకు లేచారు.

రాత్రి మిద్దె మీద మావాడు నిద్రపోలేదు. "తాతా, కథ ఎక్కడ చెడింది?" అన్నాడు. నాకేం తెలుసు? ఆ పుస్తకాలు ఇచ్చిపొమ్మన్నాను.

రెండు నెలలు చదివాను. ఇంగ్లీషు కాస్త మెల్లిగా నడుస్తుంది నాకు. పైగా ఈ పుస్తకాలు నిఘంటువుకూ రైల్వే టైం టేబుల్‌కూ పుట్టినట్టుంటాయి. అయినా పట్టు విడవలేదు. ఈ ఆటలన్నిటికీ తల్లి డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళోంచి వచ్చింది. రాసినవాళ్ళు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. బల్ల మీద సీసం బొమ్మల సైన్యాలతో యుద్ధాలాడుకునే వాళ్ళ అలవాటులోంచి పుట్టింది కనుక దెబ్బలు, కవచాలు, ప్రాణబలం లెక్కలు ఆ బిడ్డకు పుట్టుమచ్చలు. మొదట అచ్చువేసింది వెయ్యి ప్రతులు.

ఆ తొలి పుస్తకాల్లో ఒక సూత్రం నాకు బాగా నచ్చింది. పాత్ర పైకి రావడానికి అనుభవం లెక్క కావాలి. ఆ అనుభవం భూతాల్ని చంపితే కొద్దిగా వస్తుంది, నిధి తెచ్చుకుంటే బాగా వస్తుంది. ఒక బంగారు నాణెం, ఒక పాలు అనుభవం. ఇది దోపిడీ కదా అనుకున్నాను ముందు. తరువాత అర్థమైంది. అది నేలమాళిగల్లో నిధులు వెతికే ఆట. ఆ సూత్రం వల్ల తెలివైన ఆటగాడు కత్తి దూయకుండా, భూతాన్ని నిద్రపుచ్చో మాయచేసో సొమ్ము ఎత్తుకొస్తాడు. ఆట తాను ఏమిటో దాచుకోలేదు. 1989లో వచ్చిన రెండో కూర్పు ఈ సూత్రాన్ని ఇష్టమైతే వాడుకోండని పక్కన పెట్టింది. పీఠికల్లో ధర్మవీరులు, మహాకార్యాలు పెరిగాయి. లెక్కల్లో మాత్రం చంపినదానికే ఎక్కువ ఫలం మిగిలింది. మొదటిది దొంగల ఆటే గాని నిజాయితీ ఉన్న ఆట అని నా మతం. మనవడు ఒప్పుకోలేదు.

పెళ్ళిచూపుల్లో చెప్పే మాట ఒకటి, సంసారం నడిచే తీరు ఒకటి అంటారే, ఈ ఆటల్లో ఆ తేడా అంకెల్లో కనబడుతుంది. లోకవర్ణన పెళ్ళిచూపుల మాట. దేనికి ఫలం ఇస్తావు, దేనికి జరిమానా వేస్తావు, చావుకు ఎంత ఖరీదు కడతావు అన్నది సంసారం. మావాడు నలభై పేజీల్లో త్యాగం అని రాశాడు. ఎరువు తెచ్చుకున్న సూత్రం దాని పక్కన అయిదు వందలు అని రాసింది. ఆటగాళ్ళు నమ్మింది సూత్రాన్ని. వాళ్ళ తప్పేమీ లేదు. నీళ్ళ సంగతీ అంతే. ఆ ఆటలో పిల్లపూజారికి సైతం వచ్చే ఒక మంత్రం పది గ్యాలన్ల నీళ్ళు పుట్టిస్తుంది. రెండు మూడు బిందెలన్నమాట. కరువు సీమ అని పేరు పెట్టుకున్న లోకంలో పొద్దున్నే పూజారి రెండు బిందెలు పుట్టించుకుంటుంటే ఇక ఎవరి గొంతు ఎండుతుంది?

ఇది విడ్డూరం కాదు. సూత్రాలు ఒక నేలలో మొలిచి ఇంకో నేలకు మారుతుంటాయి. ఈ ఆటలో మంత్రగాడు పొద్దున మంత్రం మననం చేసుకుని, ఒకసారి ప్రయోగించగానే దాన్ని మరిచిపోయేవాడు. ఇదేం విద్య అని నవ్వొస్తుంది. దాని మూలం జ్యాక్ వ్యాన్స్ 1950లో వేసిన 'ది డయింగ్ ఎర్త్' కథల్లో ఉంది. అక్కడ సూర్యుడు ఆరిపోబోతున్నాడు, పాతవాళ్ళ విద్యలన్నీ అంతరించి ఏవో కొన్ని మంత్రాలు మిగిలాయి, అవి కూడా మనిషి బుర్రలో అరడజనుకు మించి నిలవవు. విద్య జారిపోవడమే ఆ లోకం బతుకు. అక్కడ అది కంటతడి పెట్టించే విషయం. పడుచు లోకాల్లోకి దిగుమతి అయ్యాక తుపాకి గుళ్ళ లెక్క అయింది. 2014 కూర్పు దాన్ని చాలా సడలించింది.

దీనికంటే దగ్గరి ఉదాహరణ మన అటక మీదే ఉంది. ముక్కోటి ఏకాదశి జాగారానికి మా అవ్వ వైకుంఠపాళి పటం దించేది. పాముకో పాపం పేరు, నిచ్చెనకో పుణ్యం పేరు. నిచ్చెనలు తక్కువ, పాములు ఎక్కువ. పై వరుసల్లో పెద్దపాము కాచుకుని ఉండేది, పరమపదం కనబడుతుండగా మింగి అట్టడుక్కి తోసేది. మోక్షం దుర్లభమన్న మాట ఎవరూ చెప్పనక్కర లేదు, తెల్లవారుజామున ఏడుపే చెప్పేది. ఆ ఆట పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండుకు పోయింది. పాములూ నిచ్చెనలూ సరిసమానం చేశారు. పోనుపోను పుణ్యపాపాల పేర్లు కూడా చెరిపేశారు. పిల్లలకు సుఖంగానే ఉంది, కాకపోతే అందులో ఇక ఏమీ లేదు. అన్నట్టు, "అవ్వా, భక్తి నిచ్చెన ఎక్కించేది పాచికే కదా, నేనేం చేసినట్టు?" అని ఒకసారి అడిగాను. "అది పూర్వజన్మ సుకృతంరా, ఆడు" అంది. అంతటి సూత్రబద్ధమైన జవాబు మావాడి పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు.

దొరకలేదంటే పూర్తిగా నిజం కాదు. రెండు పుస్తకాలు నన్ను ఆపేశాయి. ఒకటి 1981లో శాండీ పీటర్సన్ రాసిన 'కాల్ ఆఫ్ క్తులూ'. లవ్‌క్రాఫ్ట్ భయానక కథల మీద కట్టిన ఆట. అందులో ప్రాణబలంతో పాటు మనఃస్థిమితానికీ ఒక లెక్క ఉంది. చూడకూడనిది చూస్తే తగ్గుతుంది. అసలు కిటుకు అది కాదు. ఆ నిషిద్ధ విద్య నీకు ఎంత వస్తే, స్థిమితం చేరగల గరిష్ఠం అంత పడిపోతుంది. రెండూ కలిపి 99 దాటకూడదు. భూతాన్ని ఆపాలంటే తెలుసుకోవాలి, తెలుసుకుంటే పిచ్చెక్కుతుంది. లవ్‌క్రాఫ్ట్ పేజీలకు పేజీలు వర్ణించినదాన్ని ఒక తీసివేతలో పెట్టాడు పీటర్సన్.

రెండోది 1985లో వచ్చిన 'పెండ్రాగన్'. ఆర్థర్ రాజు వీరుల ఆట. గ్రెగ్ స్టాఫర్డ్ రాశాడు, ఆయన 2018లో పోయాడు. ఇందులో వీరుడికి గుణాల జంటలు పదమూడున్నాయి. కరుణ, క్రౌర్యం ఒక జంట. వినయం, గర్వం ఇంకో జంట. జంట మొత్తం ఎప్పుడూ ఇరవై. ఒకటి పెరిగితే రెండోది తరగాలి. పరీక్ష వచ్చినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గర్వం నెగ్గితే ఆటగాడు లోపల ఏమనుకున్నా వీరుడు గర్వంగానే నడుచుకోవాలి. ఏడాదికి ఒకే సాహసం. తరువాత చలికాలం లెక్కలు. పంట ఎంత, పిల్లలు పుట్టారా, గుర్రం బతికిందా, వయసు మీద పడిందా. వీరుడు చస్తే అతని కొడుకుతో ఆడతారు. ఆ చలికాలం పేజీలు నేను మూడుసార్లు చదివాను. మా వంశంలో తాతల కాలం నుంచీ ఏం జరిగిందో అదంతా ఆ పట్టికలో ఉంది.

తల్లి ఆటకు ఈ సంగతి తెలియదని కాదు. 1991లో దాని కిందే వచ్చిన 'డార్క్ సన్' లోకం ఎడారి. ఇనుము అరుదు, నాణేలు కాల్చిన మట్టివి, మంత్రం వేస్తే చుట్టూ పచ్చదనం పీల్చుకుపోయి నేల బూడిదవుతుంది. అక్కడ సూత్రమే కరువు తెస్తుంది.

ఇవన్నీ మనవడికి ఫోనులో చెప్పాను. వాడు ఎదురు ప్రశ్న వేశాడు. "సరే తాతా, బ్రతికించే మంత్రం తీసేస్తా. కోడలు దిగాల్సిందేనని సూత్రం పెడతా. కథ చెడదు. అప్పుడు ఆ పిల్ల ఆడేదేముంది? నేను చదువుతా వుంటే కూర్చుని వినాల్సిందే కదా." దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు బళ్ళారి పిల్ల దగ్గర్నించి వచ్చింది, అదీ ప్రశ్న రూపంలో. "తాతగారూ, రెండు కథల్లోనూ కోడలే ఎందుకు దిగాలి? కూతురు కాదు, కొడుకు కాదు. పోనీ రెడ్డిగారే దిగొచ్చు కదా" అని అడిగిందట.

అరవై ఏళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. ఒక్కసారీ అనుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. అమ్మవారు పలికే చోటికి రాగానే మా అవ్వ కథ ఆపి, లేచి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగి వచ్చేది. దాహం అనుకునేవాళ్ళం. అవ్వ కూడా ఆ ఇంటికి కోడలే.

దసరాకు మళ్ళీ వచ్చారు. ఈసారి సూత్రాలు వాడే రాసుకున్నాడు. చచ్చినవాళ్ళు లేవరు. నీళ్ళు పుట్టవు. ఒక్కో ఆటగాడిది ఒక్కో ఇల్లు, మనిషి కాదు. ఇంట్లో ఒకరు పోతే మిగిలినవాళ్ళతో ఆడాలి. ప్రతి ఇంటికీ కారుకు పది రోజుల పని ఉంటుంది. సొంత చేనుకు పెడితే గింజలు, కట్టకు పెడితే కట్ట బలం. కట్ట బలం ఇరవైతో మొదలు. ప్రతి వానకాలం పాచిక దాన్ని కొంత తినేస్తుంది. అది అయిదుకు తగ్గితే తప్ప అమ్మవారు పలకదు. పలికినా ఒక ప్రాణం అంటుందిగాని ఎవరిదో చెప్పదు. పూజారి కుర్రాడు కాస్త సణిగాడు. అతనికి ప్రమాణం చేయించే శక్తి ఇచ్చి ఊరుకోబెట్టారు.

మొదటి ఏడాది నలుగురూ ధర్మరాజులే. అయిదేసి రోజులు కట్టకు పెట్టారు. రెండో ఏడాది ఒక ఇంట్లో పెళ్ళి వచ్చింది, ఇంకొకరు చెరకు వేశారు. "ఈ ఒక్కసారికి" అన్న మాట నాలుగు గొంతుల్లోంచీ విన్నాను. నాలుగో ఏడాది వానకు కట్ట బలం నాలుగు. మావాడికి పూనకం గొంతు పెట్టే పని కూడా పడలేదు. మామూలుగానే చెప్పాడు, "ఒక ప్రాణం అడగతా వుంది."

పూజారి కుర్రాడు కాగితాలు తిరగేశాడు. అందులో ఏమీ లేదని అతనికీ తెలుసు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలవాటు చొప్పున కళ్ళు చివరికి బళ్ళారి పిల్ల మీదికే పోయాయి.

"నేను దిగను" అందామె. "ముందు లెక్క చదవండి. ఏ ఏడు ఎవరింటి నుంచి ఎన్ని రోజులు కట్టకొచ్చాయో."

మావాడు చదివాడు. పేరుపేరునా ఉంది. చెరకు కుర్రాడి ఇంటికి రెండేళ్ళు సున్న. అతని మొహం ఎర్రబడింది. ఇది ఆటే అని గొణిగాడు. కాసేపటికి, "సరే, మా ఇంటి పెద్దాయన దిగుతాడు" అన్నాడు. దిగనీయకూడదని ఒకరు, దిగితే ఏమని ఇంకొకరు. వాదన నాలుగు భాషల్లో నడిచింది. పన్నెండు దాటింది. సూత్రాల పుస్తకం ఎవరూ తెరవలేదు.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. ఇంతవరకూ ఈ ఆట గురించి ఒక్క మాట అనని మనిషి. "వాన పడను ఇంకా ఎన్ని గడియలుండాదిరా? మట్టి మోసేకి టైముండాదా లేదా, ముందు అది చూడండి" అంది.

మావాడు కాగితం చూశాడు. మూడు జాములుంది. ఆ సంగతి వాడూ మరిచిపోయాడు. గంపలు ఎత్తారు. ఒక్కో జాముకు ఒక్కో ఇంటి పాచిక పడుతోంది. ఇంట్లో ముసలివాళ్ళను కూడా లెక్కలో వేయమని బళ్ళారి పిల్ల పట్టుబట్టింది, వేశారు. నాలుగు అయిదైంది, అయిదు ఆరైంది. మూడో జాములో చెరకు కుర్రాడు వేసిన పాచిక చాప దాటి మంచం కిందికి దొర్లింది. తీసి చూసేలోపల కరెంటు పోయింది. నిజం కరెంటే. మళ్ళీ వేయాలా, పడినదే లెక్కా అని చీకట్లో కొట్లాడుకుని పడుకున్నారు.

మిగతాది సంక్రాంతికట. కాగితాలు నా బీరువాలో పెట్టి వెళ్ళారు. కట్ట బలం లెక్క పక్కన మావాడు తెలుగులో నాలుగు మాటలు రాసుకున్నాడు, నన్ను అడక్కుండా, ఎక్కడ నేర్చుకున్నాడో. కట్ట, మరవ, నీరుగంటి సరిగ్గానే ఉన్నాయి. తూముకు దీర్ఘం పెట్టలేదు. నేను దిద్దలేదు, అలాగే ఉంచాను.